ఫోటో మీద రంగు, దారం, గీత: విద్యార్థి ప్రాజెక్టుకు మిక్స్‌డ్ మీడియా ప్రయోగాలు

ఫోటో మీద రంగు నిలవకపోయినా, దారం లాగగానే కాగితం చిరిగినా చాలామంది విద్యార్థులు రంగు మార్చి చూస్తారు, దారం మార్చి చూస్తారు. నిజానికి ఎక్కువసార్లు మార్చాల్సింది ప్రింటును. చేతిలో ఉన్న ఫోటో ఏ పద్ధతిలో అచ్చయిందో తెలిస్తే దాని మీద ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో ముందే చెప్పొచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో రంగుల కంటే ముందు ప్రింట్ల సంగతి వస్తుంది.

ఏ ఫోటో తీసుకోవాలి

ఇంట్లో ఆల్బంలో ఉన్న అసలు ఫోటో మీద ఎప్పుడూ పని చేయొద్దు. తాతమ్మ పెళ్లి ఫోటో ఒక్కటే ఉంటుంది, దాని నెగటివ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దాన్ని 600 డీపీఐలో (అంగుళానికి ఇన్ని చుక్కలు అనే లెక్క) స్కాన్ చేసి ఆ ఫైలు నుంచి ప్రింట్లు తీయించుకోండి. పాత ఫోటో ఫ్రేములోని అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగొద్దు, బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ అనే జిగురు పొర అద్దంతోపాటు ఊడి వచ్చేస్తుంది. ఫ్రేమును కిటికీ పక్కన వెలుతురు ఏటవాలుగా పడేలా నిలబెట్టి, అద్దం మీదుగానే కెమెరాతో తీయండి. మెరుపు పడుతుంటే కెమెరా వెనకాల నల్ల గుడ్డ అడ్డం పెట్టాలి.

మిక్స్‌డ్ మీడియాకు, అంటే ఒకే చిత్రంలో ఫోటో, రంగు, దారం లాంటి మాధ్యమాలు కలిపే పనికి, తీసుకునే ఫోటోలో ఖాళీ ఉండాలి. పెంకుటింటి సున్నపు గోడ, మబ్బు పట్టిన ఆకాశం, ఒంటి రంగు చీర లాంటి చోట్లు చేతి పనికి జాగా ఇస్తాయి. అంగుళం ఖాళీ లేని సంత ఫోటో మీద ఇంకేం వేసినా కంటికి గందరగోళంగానే ఉంటుంది.

ప్రింటుకు పంపే ముందు ఫైలులో రెండు మార్పులు చేయాలి. పారదర్శకమైన రంగు తెల్లటి, లేత భాగాల మీదే కనిపిస్తుంది, నలుపు మీద వేసినా వేయనట్టే ఉంటుంది. అందుకని రంగు వేయబోయే ఫోటోను మామూలు కంటే 15 నుంచి 20 శాతం లేతగా చేయండి. రెండోది, చుట్టూ 2 నుంచి 3 సెం.మీ. తెల్ల అంచు వదలండి. పట్టుకోవడానికి, టేపు వేయడానికి, చివర్లో మౌంట్ చేయడానికి అదే ఆధారం.

చేతిలో ఉన్నది ఏ ప్రింటు?

ల్యాబ్ ప్రింటు: ఫోటో స్టూడియోలో రసాయనాలతో కడిగి తీసేది. కాగితానికి రెండు వైపులా సన్నటి ప్లాస్టిక్ పొర, ముందు వైపు దాని మీద జెలటిన్, ఆ జెలటిన్‌లో రంగు పొరలు ఉంటాయి. చాలావాటికి వెనకవైపు కాగితం కంపెనీ పేరు లేతగా అచ్చయి కనిపిస్తుంది. ఒక మూల తడిపి నిమిషం ఆగి వేలు పెడితే జిగటగా తగులుతుంది.

ఇంక్‌జెట్ ప్రింటు: ఇందులో డై, పిగ్మెంట్ అని రెండు రకాలు. తడి దూదితో మూల తుడిస్తే డై ఇంకు పారుతుంది, పిగ్మెంట్ ఇంకు బాగా ఆరాక దాదాపు కదలదు. ఇళ్లల్లో వాడే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటివి డై ఇంకులే.

లేజర్ ప్రింటు: జిరాక్స్ షాపులో తీసే కలర్ ప్రింటు. దీని టోనర్ ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. నీళ్లకు చెక్కు చెదరదు. ఏటవాలుగా చూస్తే ముదురు భాగాలు కాస్త మెరుస్తాయి. ధర తక్కువ, కాగితం మనం ఇచ్చిందే వాడించుకోవచ్చు. విద్యార్థి ప్రాజెక్టుకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. కార్ట్రిడ్జ్ షీటును (బొమ్మలు గీసే మందపాటి కాగితం) ఏ4 సైజుకు కోసి తీసుకెళ్లండి. కాగితం మందం 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) దాటితే యంత్రం పట్టుకుంటుందో లేదో ముందే అడగాలి.

డై సబ్లిమేషన్ ప్రింటు: పాస్‌పోర్ట్ ఫోటోలు, ఫంక్షన్లలో అక్కడికక్కడే ఇచ్చే ఫోటోలు తరచు ఈ రకమే. పైన ప్లాస్టిక్ కవచం ఉంటుంది. నీళ్లు జారిపోతాయి, జిగట రాదు. దీని మీద పెయింట్ మార్కర్, కొలాజ్ (కాగితపు ముక్కలు కోసి అతికించడం) తప్ప మిగతా ప్రయోగాలతో కాలం వృథా చేసుకోవద్దు.

ముందుగా నమూనాలు

ఒకే ఫోటోను 4×6 అంగుళాల సైజులో మూడు రకాల్లో తీయించండి: ల్యాబ్ ప్రింట్లు నాలుగు, కార్ట్రిడ్జ్ షీటు మీద లేజర్ ప్రింట్లు నాలుగు, మందపాటి మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద ఇంక్‌జెట్ రెండు. ఒక్కో దాని మీద ఒక్క ప్రయోగమే చేయాలి. వెంటనే నోటు పుస్తకంలో ప్రింటు రకం, కాగితం మందం, వాడిన రంగు, కలిపిన నీళ్లు, ఆరడానికి పట్టిన సమయం, ఫలితం రాసుకోండి. ప్రాజెక్టు పరీక్షకులు తుది చిత్రంతోపాటు దాని వెనక జరిగిన ఆలోచననూ చూస్తారు కాబట్టి చెడిపోయిన నమూనాలను కూడా పారేయకుండా ఆ పుస్తకంలోనే అతికించండి.

రంగు వేయడం

మన దేశంలో ఈ పనికి పాత చరిత్ర ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలోనే ఇక్కడి స్టూడియోల్లో ఫోటోగ్రాఫర్‌తోపాటు చిత్రకారుడూ పనిచేసేవాడు. నగలు, జరీ, తివాచీ, వెనక తెర దట్టమైన రంగుతో నిండిపోయేవి. ముఖం మీద మాత్రం పలుచగా, ఫోటోలోని పోలిక చెడకుండా వేసేవారు. ఎక్కడ కప్పాలి, ఎక్కడ వదలాలి అన్న ఆ విచక్షణే ఈ కళకు ప్రాణం. కుంచె ముట్టుకునే ముందు ఫోటో మీద ట్రేసింగ్ కాగితం పరిచి, అసలు తాకకూడని భాగాన్ని పెన్సిల్‌తో గుర్తించుకోండి.

లేజర్ ప్రింటు మీద వాటర్ కలర్ చక్కగా పడుతుంది. టోనర్ లేని చోట కాగితం రంగును పీలుస్తుంది, ముదురు చోట్ల రంగు బొట్లుగా నిలబడుతుంది. ఇది లోపం కాదు, నలుపు నలుపుగానే ఉండి లేత భాగాలకే రంగు ఎక్కుతుంది. బొట్లు వద్దనుకుంటే కప్పు నీళ్లలో ఒకే ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. షీటును ముందే నాలుగు వైపులా కాగితపు టేపుతో అట్టకు అంటించాలి. లేకపోతే తడిసిన వైపు ఉబ్బి షీటు వంకర తిరుగుతుంది.

ల్యాబ్ ప్రింటు మీద అక్రిలిక్ (నీళ్లలో కలిసి, ఆరితే ప్లాస్టిక్ పొరలా మారే రంగు) వేస్తే ఆరాక గోటితో గీకినా పొరలా లేస్తుంది. నునుపైన జెలటిన్ మీద దానికి పట్టు దొరకదు. 400 నంబరు ఎమెరీ కాగితంతో మెరుపు పోయేంత వరకే, గుండ్రంగా, బరువు వేయకుండా రుద్దండి. దుమ్ము తుడిచి పారదర్శక గెస్సో (రంగుకు పట్టునిచ్చే అడుగు పూత) గానీ మ్యాట్ మీడియం (రంగు కలపని, మెరుపు లేని అక్రిలిక్ ద్రవం) గానీ ఒక పలుచటి పూత వేయండి. గంట ఆరనిస్తే చాలు, వానాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్లలో రెండు మూడు గంటలు పడుతుంది. ఆ పూత మీద అక్రిలిక్, రంగు పెన్సిళ్లు, సాఫ్ట్ పేస్టెల్ అన్నీ నిలుస్తాయి.

డై ఇంకు ప్రింటు మీద నీటి రంగు వేయాలంటే ముందు అక్రిలిక్ స్ప్రే వార్నిష్ కొట్టాలి. 25 నుంచి 30 సెం.మీ. దూరం నుంచి పలుచగా మూడు పూతలు, మధ్యలో 15 నిమిషాల విరామం. ఒకేసారి దట్టంగా కొడితే ఆ తడికే ఇంకు కరిగిపోతుంది. డాబా మీదో వరండాలోనో కొట్టండి, మూసిన గదిలో వద్దు.

దట్టమైన రంగుతో ఇంకో దారి ఉంది. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 10×15 సెం.మీ. మామూలు ల్యాబ్ ప్రింట్లను పెద్ద చిత్రాలు వేశాక మిగిలిన తడి రంగులో ఒత్తి, లాగి ఎన్నో చిత్రాలు చేశాడు. మీరు చేసి చూడాలంటే ఒక గాజు పలక మీద రెండు మూడు అక్రిలిక్ రంగులను చెంచాడు చొప్పున పరిచి, ప్రింటును బోర్లించి ఒత్తి ఒకే ఊపులో పక్కకు లాగండి. ఊపు మధ్యలో ఆగితే ఆగిన చోట మట్టిరంగు మరక తయారవుతుంది. పదింటిలో రెండో మూడో నచ్చుతాయి, అందుకని ప్రింట్లు ఎక్కువ పెట్టుకోండి.

గీకి రంగు పుట్టించడం

రంగు డబ్బా తెరవకుండానే రంగు పుట్టే ప్రయోగం ఇది. దీనికి అసలైన ల్యాబ్ ప్రింటే కావాలి. కలర్ కాగితంలో రంగులు మూడు పొరలుగా ఉంటాయి: పైన సయాన్, మధ్యలో మెజెంటా, అడుగున పసుపు. ముదురు చోట మూడూ కలిసి నల్లగా కనిపిస్తాయి. పై పొర గీకితే మెజెంటా, పసుపు కలిసి ఎరుపు బయటపడుతుంది. ఇంకా గీకితే పసుపు, చివరికి తెలుపు.

ప్రింటును మామూలు నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు నానబెట్టి ప్లాస్టిక్ పలక మీద పరవండి. పైన తేలిన నీళ్లు గుడ్డతో అద్దండి. జెలటిన్ ఇప్పుడు మెత్తబడి ఉంటుంది. కంపాస్ ముల్లుతో గీస్తే సన్నటి తెల్ల గీత, కట్టర్ బ్లేడును పడుకోబెట్టి గీకితే ఎరుపు నుంచి పసుపు దాకా మెట్లుమెట్లుగా, గరుకు స్పాంజితో రుద్దితే మసక అంచులు వస్తాయి. లేత ఆకాశం మీద గీకితే తెలుపు తప్ప ఏమీ రాదు, అక్కడ పొరల్లో రంగే తక్కువ. కాబట్టి రాత్రి దృశ్యాలు, నీడలు, నల్లని జుట్టు, తలుపు సందులు ఎంచుకోండి. తడి ప్రింటు మీద వేలిముద్ర పడితే శాశ్వతం. ఆరబెట్టేటప్పుడు కాగితాల మధ్య పెట్టొద్దు, అంటుకుపోతుంది. క్లిప్పుతో దండేనికి తగిలించండి.

గీకిన ప్రింటులో తెలుపు తప్ప మరే రంగూ రాలేదంటే అది ఇంక్‌జెట్టో, డై సబ్లిమేషనో అయి ఉంటుంది. ఇప్పుడు చాలా స్టూడియోలు ఇంక్‌జెట్ యంత్రాలకు మారాయి, ఇచ్చేటప్పుడే అడిగి తెలుసుకోండి.

బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణమూ ఇదే వరుసలో పొరలను తినేస్తుంది. ఒక వంతు బ్లీచ్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి దూది పుల్లతో అద్ది, కావాల్సిన రంగు రాగానే రెండు నిమిషాలు ధారగా కడగాలి. వెంట్రుకల కుంచె వాడితే వెంట్రుకలే కరిగిపోతాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి, ఉపాధ్యాయుడు పక్కన ఉండాలి. యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ దరిదాపుల్లో ఉండకూడదు. రెండూ కలిస్తే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వస్తుంది. పాఠశాల పిల్లలు దీన్ని వదిలేసి గీకడంతో సరిపెట్టుకోవాలి.

దారంతో కుట్టడం

ఫోటో మీద కుట్టు బాగా కుదిరితే దానికి సాటి లేదు. కంటికి చదునుగా ఉన్న ముఖం మీద నిజమైన దారం, దాని నీడ పడతాయి. ఇటలీకి చెందిన మౌరిజియో అంజేరి పాత స్టూడియో ముఖచిత్రాల మీద దారపు రేఖలు కుట్టి పేరు పొందాడు. ముఖాన్ని దారం దాదాపు కప్పేసినా కళ్లు మిగిలితే చాలు, చూసేవాళ్లు ఆ మనిషిని వెతుక్కుంటారు.

కాగితం 250 నుంచి 300 జీఎస్ఎం ఉండాలి. 180 కంటే తక్కువైతే రంధ్రం నుంచి రంధ్రానికి చిరుగు పాకుతుంది. మ్యాట్ ఇంక్‌జెట్ కాగితం మంచిది. ల్యాబ్ ప్రింటూ పనికొస్తుంది కానీ వంచితే జెలటిన్ పగులుతుంది. దారం ఆరు పోగుల ఎంబ్రాయిడరీ నూలు, ఏ ఫ్యాన్సీ షాపులోనైనా లచ్చీలుగా దొరుకుతుంది.

1. డిజైన్‌ను ట్రేసింగ్ కాగితం మీద గీసి రంధ్రాల చోట చుక్కలు పెట్టండి. తిన్నని గీతల్లో 4 నుంచి 5 మి.మీ., వంపుల్లో 3 మి.మీ. దూరం. 2 మి.మీ. కంటే దగ్గరైతే తపాలా బిళ్ల అంచులా తెగి వస్తుంది.

2. ట్రేసింగును కాగితపు టేపుతో ప్రింటు తెల్ల అంచుకు అంటించి, కింద అంగుళం మందం థర్మాకోల్ పెట్టండి.

3. సన్నటి సూదిని పాత సీసా బిరడాలో గుచ్చి పిడిలా పట్టుకుని, నిటారుగా, ముందు వైపు నుంచే అన్ని రంధ్రాలూ పొడవండి. లేచిన కాగితపు అంచు అప్పుడు వెనక్కి పోతుంది.

4. రెండు పోగులు విడదీసి మోచేతి నుంచి వేలి కొస దాకా, అంటే దాదాపు 45 సెం.మీ., తీసుకోండి. ఎక్కువ పొడవుంటే రంధ్రాల అంచులకు రాసుకుని నూగు లేస్తుంది. జరీ దారం అయితే 30 సెం.మీ. చాలు.

5. ముడి వేయొద్దు, లాగినప్పుడు పెద్ద రంధ్రం చేసుకుని ముందుకు వచ్చేస్తుంది. 2 సెం.మీ. కొసను వెనకవైపు కాగితపు టేపుతో అంటించి కుట్టడం మొదలుపెట్టండి.

6. దారం కాగితానికి ఆనగానే ఆగండి. బట్ట మీద లాగినట్టు బిగిస్తే ప్రింటు విల్లులా వంగుతుంది.

కాడ కుట్టు, వెనక కుట్టు కాగితానికి బాగా నప్పుతాయి. గొలుసు కుట్టులో ఒకే రంధ్రంలోంచి సూది రెండుసార్లు వెళ్తుంది, కాబట్టి రంధ్రాన్ని కాస్త పెద్దది చేసుకోవాలి. ఎంబ్రాయిడరీ రింగు మాత్రం వాడొద్దు, దాని గుండ్రటి మడత ఎప్పటికీ పోదు. రంధ్రం చుట్టూ తెల్ల వలయం కనిపిస్తే అదే రంగు పెన్సిల్ మొనతో తాకండి.

బొమ్మను వేరే దాని మీదికి దించడం

లేజర్ ప్రింటులోని టోనర్‌ను చెక్క పలక మీదికో, కాన్వాసు మీదికో దించవచ్చు. బొమ్మ తిరగబడి వస్తుంది కాబట్టి ఫైలును ముందే అద్దంలో చూసినట్టు తిప్పి, మామూలు 70 నుంచి 80 జీఎస్ఎం కాగితం మీద ప్రింటు తీయించండి. పలక మీద అక్రిలిక్ మ్యాట్ మీడియం పూయండి, ఏ4 సైజుకు 20 మి.లీ. దాకా పడుతుంది. బొమ్మను బోర్లించి పరిచి, పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి అంచులకు గాలి బుడగలు తోసేయండి. 24 గంటలు కదపొద్దు. తరవాత తడి స్పాంజితో తడిపి, వేలి కొసలతో గుండ్రంగా రుద్దితే కాగితం ఉండలు కడుతూ వస్తుంది, బొమ్మ పలక మీదే ఉండిపోతుంది.

తడిగా ఉన్నప్పుడు అంతా శుభ్రంగా కనిపించి, ఆరాక తెల్ల మసక పడుతుంది. అది మిగిలిన కాగితపు పీచు. మళ్లీ తడిపి రెండు మూడు విడతలుగా తీయండి, ఒకే విడతలో తీయాలని గట్టిగా రుద్దితే బొమ్మే లేచిపోతుంది. చివర్లో ఒక పలుచటి మీడియం పూత వేస్తే మిగిలిన పీచు కూడా పారదర్శకమవుతుంది. ఖర్చు తగ్గుతుందని మీడియం బదులు మామూలు తెల్ల ఫెవికాల్ వాడితే ఆరాక బాగానే అనిపిస్తుంది, తడపగానే మళ్లీ మెత్తబడి బొమ్మతో సహా జారుతుంది. ఇంక్‌జెట్ ప్రింటుతో ఈ పద్ధతి కుదరదు, డై ఇంకు అయితే మీడియం తడికే అలుక్కుపోతుంది.

పసుపు, సున్నం

పారాణి ఎలా ఎర్రబడుతుందో మనకు తెలుసు. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుంది. చెంచాడు పసుపును 50 మి.లీ. సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పావుగంట తేరనిచ్చి, పైతేటను కార్ట్రిడ్జ్ షీటు మీది లేజర్ ప్రింటుకు పలుచగా పూయండి. నీళ్లలో పసుపు సరిగా కరగదు, అందుకే స్పిరిట్. పొయ్యికి, దీపానికి దూరంగా ఉండాలి. ఆరాక సున్నపు తేటలో ముంచిన కుంచెతో గీస్తే గీసిన చోటల్లా ఎర్రటి గీత లేస్తుంది. నిమ్మరసం అద్దితే అక్కడ మళ్లీ పసుపు తిరుగుతుంది. ఊళ్లోని గడప, పేరంటం, పెళ్లి ఫోటోలకు ఈ రంగు ఎంత అర్థవంతంగా కుదురుతుందో చేసి చూడండి. ఒక్క చిక్కు ఏమిటంటే ఎండ తగిలితే పసుపు కొద్ది రోజుల్లోనే వెలిసిపోతుంది. పూర్తయిన రోజే స్కాన్ చేసి, చిత్రాన్ని ఫోల్డరులో దాచండి.

కొలాజ్‌కు ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొత్త బ్లేడు వాడండి, మొద్దు బ్లేడు అంచును చింపుతుంది. నీళ్లు కలిపిన జిగురు ముడతలు తెస్తుంది కాబట్టి సన్నటి కాగితాలకు గ్లూ స్టిక్, మందపాటి వాటికి మ్యాట్ మీడియం వాడి, మీద పుస్తకాల బరువు ఒక రాత్రి ఉంచండి.

ఏది ముందు, ఏది తరవాత

నానబెట్టడం, గీకడం, బొమ్మ దించడం మొదట. ఆ తరవాత నీటి రంగులు, వాటి మీద అక్రిలిక్, ఆపైన పెన్సిలు, పేస్టెల్. కుట్టు అన్నిటికంటే చివర, ఎందుకంటే కుట్టిన తరవాత కుంచె ఆడదు, దారం రంగును పీల్చేస్తుంది. అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ వేస్తే ఊడిపోతుంది. ఒక ప్రింటు మీద రెండు, మహా అయితే మూడు మాధ్యమాలకే పరిమితం కండి. నేర్చుకున్నవన్నీ ఒకే షీటు మీద చూపిస్తే నమూనా పట్టీలా కనిపిస్తుంది, చిత్రంగా నిలవదు. ఐదారు చిత్రాల వరుసలో ఒక్కో మాధ్యమం ఒక్కో పని చేయాలి. ఉదాహరణకు మూతపడ్డ రైస్ మిల్లు వరుసలో గీకిన తెలుపు తుప్పు రాలడానికి, దారం ఒకప్పుడు బెల్టులు తిరిగిన దారులకు వాడితే, ఏది ఎందుకు ఉందో వివరించమన్నప్పుడు తడుముకోరు.

సమర్పించే ముందు

పని ఒక్కో దశ దాటినప్పుడల్లా ఫోటో తీసుకోండి. తుది చిత్రాన్ని 300 డీపీఐలో స్కాన్ చేయండి. దారం, దట్టమైన రంగు ఉన్నవాటిని స్కానర్ మూతతో నొక్కొద్దు, పక్క వెలుతురులో కెమెరాతో తీస్తే దారం నీడ కూడా వస్తుంది. అక్రిలిక్ చిత్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చితే ఉక్కపోతకు అతుక్కుంటాయి, మధ్యలో బేకింగ్‌కు వాడే సిలికాన్ కాగితం పెట్టండి. ఫ్రేము కట్టిస్తే అద్దానికి, చిత్రానికి మధ్య కనీసం 5 మి.మీ. ఖాళీ ఉండేలా అట్ట పట్టీలు వేయమని ఫ్రేము షాపులో చెప్పండి. పేరు, తరగతి, మాధ్యమం వివరాలను విడిగా చీటీ మీద రాసి వెనక అంటించాలి. ల్యాబ్ ప్రింటు వెనక నేరుగా బాల్‌పెన్‌తో రాస్తే ఆ అక్షరాలు ముందు వైపు ఉబ్బెత్తుగా తేలతాయి.